నవ్వుల మేళంలో ఎవరి పేరు?

దళిత అధ్యయనాల పత్రికలో అమెరికా టీవీ అవార్డు మీద వ్యాసమేమిటని అడిగే మిత్రులుంటారు. అడగాలి కూడా. మన ఊళ్లలో మంచినీళ్ల దగ్గరా, బడిలో మధ్యాహ్న భోజనం దగ్గరా తేలని లెక్కలు ఇన్ని ఉండగా లాస్ ఏంజిలస్‌లో ఎవరి చేతికి ఏ బొమ్మ వస్తే మనకేం? అయితే మేం చర్చకు పెడుతున్న అవార్డుకు ఒక విశేషముంది. అది ఒక్కరికిచ్చేది కాదు, మేళానికంతటికీ ఇచ్చేది. ఇచ్చేవాళ్లు పండితులో ప్రభుత్వమో కాదు, తోటి నటుల యూనియన్. అది కూడా నవ్వించినందుకు. మేళం, తోటి పనివాళ్లు, నవ్వు - ఈ మూడూ కలిసిన చోట "మనవాళ్లు" అనే మాటకు గీత ఎక్కడ గీశారో చాలా స్పష్టంగా బయటపడుతుంది. ఆ గీత సంగతి మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచి నుంచి తెచ్చుకున్న 'ఆన్సాంబుల్' అనే మాటను మేం మేళం అంటున్నాం. "సమష్టి నటవర్గం" అని రాసుకునేవాళ్లు రాసుకోవచ్చు. మేళం అనే మాటకు మన నేల మీద కులం వాసన అంటుకొని ఉంది. చిందు మేళం, భోగం మేళం అని పలికేటప్పుడు పెద్దకులాల నోళ్లు ఎట్లా వంకర పోయేవో పాతతరం వాళ్లకు తెలుసు. కూచిపూడి భాగవతులదీ మేళమే. దాన్ని మాత్రం శాస్త్రీయం చేసి ఢిల్లీ దాకా మోసుకుపోయారు. చిందు భాగోతంలో రాజు వేషమూ బుడ్డర్‌ఖాన్ వేషమూ కట్టేది ఒకే మేళంలోని మనుషులు. బుర్రకథలో హాస్యం చెప్పే వంత లేకపోతే కథ ముందుకు కదలదు, అయినా జనం నోట మిగిలేది కథకుడి పేరే. నవ్వించేవాడి పని మేళానికి ప్రాణమనీ, ఆ పని చేసేవాడికి గౌరవం వేరే లెక్కనీ మనకు అనుభవం మీద తెలిసిన సంగతి. ఈ తెలివిడితోనే ఆ దేశపు అవార్డును చూద్దాం.

అమెరికా నల్లజాతి జనం అనుభవంతో దళిత ఆలోచనకు బంధుత్వం కొత్తగా కలుపుకుంటున్నది కాదు. అంబేడ్కర్ 1946లో డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. 1972లో బొంబాయిలో యువకులు తమ సంస్థకు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది బ్లాక్ పాంథర్లను చూసే. కాకపోతే మనం వాళ్ల ఉద్యమాల్ని చదివినంతగా వాళ్ల నవ్వును చదవలేదు.

స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ 1933లో పుట్టింది. ఆ ఏడాది మార్చిలో స్టూడియోలు మాంద్యం పేరు చెప్పి జీతాల్ని సగానికి కోశాయి. కోత పడ్డ నటులు కొందరు కలిసి పెట్టుకున్న యూనియన్ అది. 2012లో రేడియో, టీవీ కళాకారుల సంఘంతో కలిసి సాగ్-ఆఫ్ట్రా అయింది. ఇంత పాత యూనియన్ అవార్డులివ్వటం మాత్రం 1995లోనే మొదలుపెట్టింది. ప్రతి ఏడూ రెండు వేలకు పైగా సభ్యుల్ని యాదృచ్ఛికంగా ఎంపిక చేసి వాళ్ల చేత పోటీ జాబితా తయారు చేయిస్తారు, చివరి ఓటు సభ్యులది. ఎమ్మీల్లో ఉత్తమ హాస్య సీరియల్‌కిచ్చే బహుమతి నిర్మాతల చేతికి పోతుంది. పెట్టుబడి పెట్టినవాడిని కాక పని చేసిన గుంపును గుర్తించటం గిల్డ్ చేసిన మంచి పని, మొదట ఆ మాట ఒప్పుకోవాలి. బొమ్మ కూడా అర్థవంతమైనదే. ఒక మనిషి రెండు చేతుల్లో రెండు ముఖాల ముసుగులు పట్టుకొని ఉంటాడు, ఒకటి నవ్వేది, ఒకటి ఏడ్చేది.

మరి మేళంలో ఎవరు లెక్క? సినిమాకిచ్చే మేళం అవార్డులో తెర మీద ఒక్కో పేరుకు ఒక్కో కార్డు విడిగా పడినవాళ్లే హక్కుదారులని నియమం పెట్టుకున్నారు. నలుగురి పేర్లతో కలిపి పడినవాడు నటించినా మేళంలో లేనట్టే. సమష్టి అనే మాట లోపల కూడా మెట్లుంటాయన్నమాట. ఈ మెట్లను మనం ఎక్కడో చూశాం.

అవార్డు పుట్టకముందు సంగతి కొంత చెప్పుకోవాలి. 1940 ఫిబ్రవరిలో హాటీ మెక్‌డానియల్‌కు ఆస్కార్ వచ్చింది. 'గాన్ విత్ ద విండ్'లో పనిమనిషి వేషం. ఆ అవార్డు పొందిన మొదటి నల్లజాతి మనిషి ఆమె. విందు జరిగిన హోటల్లో సినిమా బృందమంతా ఒక బల్ల దగ్గర, ఆమె ఒక్కతీ గోడవార వేరే బల్ల దగ్గర. సహపంక్తి భోజనాల చరిత్ర తెలిసిన మనకు దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇంకొకటి, ఇది చిక్కు కథ. 'ఆమోస్ ఎన్ ఆండీ' అనే హాస్య కార్యక్రమం 1928 నుంచి రేడియోలో నడిచింది. నల్లవాళ్ల మాట తీరును వెక్కిరిస్తూ నవ్వు పుట్టించిన ఆ పాత్రలకు గొంతులిచ్చింది ఇద్దరు తెల్లవాళ్లు. 1951లో అది టీవీకి వచ్చేసరికి ముఖాలు కనపడాలి గనక నల్లజాతి నటుల్ని తీసుకున్నారు. టీవీలో నల్లవాళ్లతో నిండిన మొట్టమొదటి హాస్య మేళం ఇట్లా వచ్చింది, తెల్లవాళ్లు కుట్టిన చొక్కా తొడుక్కొని. నల్లజాతి హక్కుల సంస్థ ఎన్.ఎ.ఎ.సి.పి. ఆ ఏడాదే దాన్ని ఖండించింది. 1953లో ఛానల్లో అది ఆగిపోయింది, 1966లో పాతవి తిప్పి వేయటం కూడా ఆగింది. ఇందులో ఆత్మగౌరవం గెలిచిందనుకుంటాం. నిజమే. కానీ ఆల్విన్ చైల్డ్రెస్, టిమ్ మూర్, స్పెన్సర్ విలియమ్స్ వంటి నటులకు అది పని. వాళ్లకు వేరే పని ఎవరు చూపించారు? వెక్కిరింపును ఆపించినవాళ్లు తప్పు చేయలేదు, వేషం కట్టినవాళ్లూ తప్పు చేయలేదు. వేషం ఎంచుకునే హక్కు ఇద్దరి చేతుల్లోనూ లేదు. మన దగ్గర కులవృత్తి కళల్ని వదిలెయ్యాలా నిలబెట్టుకోవాలా అనే చర్చ ఎప్పుడు వచ్చినా ఇదే ముడి దగ్గర ఆగుతున్నది.

ఇప్పుడు అవార్డు దగ్గరికి వద్దాం. 1995 నుంచి 2014 దాకా ఇరవై సార్లు హాస్య మేళం అవార్డు ఇచ్చారు. 'సైన్‌ఫెల్డ్' మూడు సార్లు తీసుకుంది. 'ఫ్రెండ్స్', 'ఆలీ మెక్‌బీల్', 'ఫ్రేజియర్', 'విల్ అండ్ గ్రేస్', 'ఎవ్రిబడీ లవ్స్ రేమండ్', '30 రాక్', 'గ్లీ' తలా ఒకసారి. 'సెక్స్ అండ్ ద సిటీ', 'డెస్పరేట్ హౌస్‌వైవ్స్', 'ది ఆఫీస్' రెండేసి సార్లు. 'మోడర్న్ ఫ్యామిలీ' వరసగా నాలుగు సార్లు. వీటిలో కొన్నింట్లో నల్లజాతి నటులున్నారు, లాటిన్ అమెరికా మూలాల వాళ్లున్నారు, ఒకరిద్దరు మనవైపు వాళ్లూ ఉన్నారు. నల్లజాతి మనుషులు నడిమధ్యన ఉండి కథ వాళ్ల చుట్టూ తిరిగిన మేళం మాత్రం ఇరవైలో ఒక్కటీ లేదు. ఓటు వేసింది యజమానులు కాదు, తోటి పనివాళ్లు. వర్గం ఒకటైతే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయని మనకు పాఠం చెప్పిన పెద్దలు ఈ జాబితాను ఒక్కసారి చదవాలని మా మనవి.

అట్లాగని ఆ జాబితా అంతా ఒకే ముద్ద అనుకోవటం లేదు. 'సైన్‌ఫెల్డ్' తీసుకుందాం. నలుగురు తెల్ల మిత్రులు, న్యూయార్క్ నగరం, ఏమీ జరగని కబుర్లు. వాళ్ల కబుర్ల కింద పడి నలిగేవాళ్లు ఎక్కువగా బయటివాళ్లు. బాబూ భట్ అనే పాకిస్తానీ హోటలాయన ఉంటాడు. 1991లో వచ్చిన భాగంలో జెర్రీ సలహా విని హోటల్ మార్చుకొని దివాలా తీస్తాడు. 1993లో వచ్చిన భాగంలో అతని వీసా కాగితాలు జెర్రీ టపాలో ఇరుక్కుపోయి, వీళ్ల అశ్రద్ధ వల్ల దేశం నుంచే గెంటివేయబడతాడు. ప్రేక్షకులు నవ్వుతారు. అయితే 1998 మే నెలలో వచ్చిన చివరి భాగంలో ఈ నలుగురినీ కోర్టుకు లాగారు. ఇన్నాళ్లూ నవ్వులపాలైనవాళ్లు ఒక్కొక్కరే బోను ఎక్కి సాక్ష్యం చెప్తారు, బాబూ భట్ కూడా. నలుగురూ జైలుకు పోతారు. చాలామందికి ఆ ముగింపు నచ్చలేదని అప్పట్లో గోల. మాకు మాత్రం ఆ తొమ్మిదేళ్ల సీరియల్లో అదే నిజాయితీ ఉన్న భాగం అనిపిస్తుంది. నవ్వుకు బలైనవాడికి నోరిస్తే మేళం తీరే మారిపోతుందని వాళ్లకు తెలుసు, తెలిసి చిట్టచివరి దాకా ఇవ్వలేదు.

అసలు పోల్చవలసింది 'ఫ్రెండ్స్' దగ్గర. అది 1994 సెప్టెంబరులో మొదలైంది. న్యూయార్క్‌లో ఆరుగురు స్నేహితులు, ఆరుగురూ తెల్లవాళ్లు. 1996లో మేళం అవార్డు తెచ్చుకుంది. దానికి ఏడాది ముందే, 1993 ఆగస్టులో, అదే న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ పేటలో ఆరుగురు స్నేహితుల కథ 'లివింగ్ సింగిల్' మొదలైంది. నలుగురు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు, అందరూ నల్లజాతి వాళ్లు. దాన్ని సృష్టించింది ఇవెట్ లీ బౌజర్ అనే నల్లజాతి స్త్రీ. క్వీన్ లతీఫా అందులో సొంతంగా పత్రిక నడిపే ఖదీజా. పనిమనిషి వేషాల నుంచి పత్రిక సంపాదకురాలి దాకా వచ్చిన దూరం ఎంతో హాటీ మెక్‌డానియల్‌ను తలుచుకుంటే అర్థమవుతుంది. రెండు సీరియళ్లనూ తయారు చేసింది వార్నర్ బ్రదర్సే. మేళం అవార్డు 'లివింగ్ సింగిల్'కు రాలేదు. 1998లో అది ముగిసింది. 2020 జనవరిలో 'ఫ్రెండ్స్' నటుడు డేవిడ్ ష్విమ్మర్ ఒక ఇంటర్వ్యూలో అందరూ నల్లవాళ్లో, అందరూ ఆసియా వాళ్లో ఉన్న 'ఫ్రెండ్స్' రావొచ్చు గదా అన్నాడు. 'లివింగ్ సింగిల్' నటి ఎరికా అలెగ్జాండర్ వెంటనే జవాబిచ్చింది, మేం మీకంటే ముందే ఉన్నాం అనే అర్థం వచ్చేట్టు. ష్విమ్మర్ దుర్మార్గుడు కాడు. ఒకే సంస్థ గొడుగు కింద ఏళ్ల తరబడి పక్కనే నడిచిన మేళం అతని తలపుకు రాలేదు, అంతే. అగ్రకులాల అభ్యుదయవాదులు "దళితులు కూడా రాయాలి" అని మన సభలకొచ్చి చెప్పినప్పుడు మనకు కలిగే ఫీలింగు ఇదే. రాస్తున్నాం మహాప్రభో, మీరు చదవలేదు.

1999 జూలైలో ఎన్.ఎ.ఎ.సి.పి. అధ్యక్షుడు క్వేసీ ఎంఫూమె బహిరంగంగా లెక్క తీశాడు. ఆ ఏడు నాలుగు పెద్ద ఛానళ్లు ప్రకటించిన 26 కొత్త సీరియళ్లలో ప్రధాన పాత్ర ఒక్కటి కూడా మైనారిటీలది కాదని. బహిష్కరిస్తామని హెచ్చరించాడు. 2000 మొదట్లో ఛానళ్లు ఒప్పందాలకు దిగొచ్చాయి. ఆ ఏడూ, ఆ తర్వాత ఏడూ హాస్య మేళం అవార్డులు 'ఫ్రేజియర్'కూ 'విల్ అండ్ గ్రేస్'కూ పోయాయి.

నల్లజాతి హాస్యం ఆ కాలంలో ఆగిపోలేదు. యు.పి.ఎన్. వంటి చిన్న ఛానళ్లలో బతికింది. 'గర్ల్‌ఫ్రెండ్స్' 2000లో మొదలై ఎనిమిదేళ్లు నడిచింది. 2006లో యు.పి.ఎన్., డబ్ల్యు.బి. రెండూ కలిసి ఒకే ఛానలైనప్పుడు ఆ గూడు చెదిరింది. 'గర్ల్‌ఫ్రెండ్స్' 2008లో సరైన చివరి భాగం కూడా లేకుండా ఆగిపోయింది. మరి వీళ్లకు అవార్డులు రాలేదా అంటే, వచ్చాయి. ఎన్.ఎ.ఎ.సి.పి. 1967 నుంచి ఇమేజ్ అవార్డులు ఇస్తున్నది. తమను లెక్క చేయనివాళ్ల గడప దగ్గర నిలబడకుండా తమ పందిరి తామే వేసుకున్నారు. అది సరైన పనే. మన కవితా సంకలనాలు మనం వేసుకున్నదీ, మన పత్రికలు మనం పెట్టుకున్నదీ అందుకే గదా. అయితే మన పందిరి ఉంది కాబట్టి ఇక వాళ్ల పందిట్లో మన ఊసు ఎత్తనక్కర్లేదని వాళ్లు నిశ్చింతగా ఉంటారు. "దళిత రచయిత" అనే కుర్చీ వేసి దాన్ని వేదిక చివర పెట్టే విద్య అక్కడా ఉంది.

'ది ఆఫీస్' సంగతి కొంచెం వేరు. అక్కడ వెటకారం బాస్ మీద. 2005లో వచ్చిన రెండో భాగంలో మైకేల్ స్కాట్ ఆఫీసులో జాతి వైవిధ్యం మీద క్లాసు పెడతాడు. తలా ఒక జాతి పేరు నుదుటికి అంటించుకొమ్మంటాడు. భారతీయ మూలాల కెలీ ముందు మన యాసను వెక్కిరిస్తూ ఆడతాడు. ఆమె చెంప పగలగొడుతుంది. నవ్వులో దెబ్బ ఎటు తగలాలో తెలిసి రాసిన దృశ్యం అది. '30 రాక్' అంత జాగ్రత్త పడలేదు. తెల్లవాళ్లు ముఖానికి నల్లరంగు పూసుకున్న దృశ్యాలున్న నాలుగు భాగాల్ని 2020 జూన్‌లో సృష్టికర్త టీనా ఫే తానే అడిగి తీయించేసింది. ఆ మేళానికి 2009లో అవార్డు వచ్చింది.

ఇక్కడ మనవాళ్ల గురించి ఒక మాట. అమెరికా హాస్యంలో భారతీయుడి వేషం చాలాకాలం యాస మీదే బతికింది. 'ది సింప్సన్స్'లో అపూ అనే దుకాణదారుకు గొంతిచ్చింది తెల్ల నటుడు. దాని మీద 2017లో డాక్యుమెంటరీతో విరుచుకుపడిన హరి కొండబోలుది తెలుగు ఇంటిపేరు. మంచిదే, మెచ్చుకుందాం. కానీ అక్కడ రంగు పేరుతో వెక్కిరింపు పడ్డవాళ్లంతా ఇక్కడ కులం పేరుతో వెక్కిరించని ఇళ్ల నుంచే పోయారా? 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించవలసి వచ్చిందంటే, సామానుతో పాటు కులం కూడా విమానమెక్కిందనే గదా. అమెరికా నవ్వుల మేళంలో గోధుమరంగు ముఖం కనపడగానే మన ముఖం కనపడినట్టు పొంగిపోనక్కర్లేదు.

2015 జనవరిలో జాబితా తీరు మారింది. 'ఆరెంజ్ ఈజ్ ద న్యూ బ్లాక్'కు హాస్య మేళం అవార్డు వచ్చింది. తర్వాత రెండేళ్లూ దానికే. ఆడవాళ్ల జైలు కథ అది. నల్లజాతి స్త్రీలు, లాటిన్ స్త్రీలు, ముసలివాళ్లు, స్త్రీగా మారిన ట్రాన్స్ మనిషి, అందరూ అందులో ఉన్నారు. అవార్డు తీసుకునేటప్పుడు వేదిక పట్టలేదు. మేం మొదట సంతోషించాం. తర్వాత ఆలోచిస్తే రెండు సంగతులు గుచ్చుకున్నాయి. ఇరవై ఏళ్లు తెల్ల మేళాలు కాఫీ హోటల్లో, డ్రాయింగు రూములో, ఆఫీసులో కూర్చొని అవార్డులు తీసుకున్నాయి. నల్లజాతి మనుషులు ఇంత పెద్ద సంఖ్యలో ఆ వేదిక ఎక్కడానికి జైలు గుండా రావలసి వచ్చింది. అది కూడా పైపర్ అనే చదువుకున్న తెల్ల యువతి వెంట. మిగతా స్త్రీల కథల్ని ఛానళ్లకు అమ్మడానికి పైపర్ తనకు ట్రోజన్ గుర్రంలా పనికొచ్చిందని సృష్టికర్త జెంజీ కోహన్ 2013లోనే చెప్పింది. గుర్రం తెలివైనదే. గుర్రం లేకుండా కోట తలుపు తెరుచుకోదని కూడా ఆ మాటే ఒప్పుకుంటున్నది.

రెండోది ఇంకా బరువైనది. 2016 జూన్‌లో వచ్చిన నాలుగో సీజన్లో పూసే వాషింగ్టన్ అనే నల్లజాతి యువతి, మేళంలో అందరికంటే మెత్తని మనిషి, భోజనశాలలో గార్డు మోకాలి కింద నలిగి, ఊపిరాడక చచ్చిపోతుంది. సమీరా వైలీ ఆ పాత్ర చేసింది. 2014లో న్యూయార్క్ వీధిలో పోలీసుల చేతిలో ఊపిరాడక చచ్చిపోయిన ఎరిక్ గార్నర్ అందరికీ గుర్తొచ్చాడు. ఆ సీజన్‌కే 2017 జనవరిలో అవార్డు వచ్చింది, హాస్యం కింద. ఎమ్మీ వాళ్లు 2015లోనే ఈ సీరియల్‌ను డ్రామాల్లోకి మార్చారు, గిల్డ్‌లో అది హాస్యంగానే నిలిచింది. దీన్ని వర్గీకరణ పొరపాటు అనుకోవచ్చు. మేం అనుకోం. అణగారినవాళ్ల జీవితంలో ఏడుపునూ నవ్వునూ విడదీసి రెండు గదుల్లో పెట్టటం కుదరదు, మన చావుల దగ్గర డప్పు మోగుతుంది, తాగినవాడు ఆడతాడు, ఎవరో చచ్చినవాడి మీద జోకు వేస్తారు, అందరూ ఏడుస్తూనే నవ్వుతారు. ఆ సీరియల్ ఆ ఒడుపు కొంత పట్టుకుంది. రాసే గదిలో నల్లజాతి రచయితలు లేరనే విమర్శ కూడా ఆ ఏడే వచ్చింది. చావు వాళ్లది, రాత ఇంకొకరిది. అవార్డు మాత్రం అందరి పేరా తీసుకున్నారు, వేదిక మీద మాట్లాడింది పైపర్ వేషం వేసిన టేలర్ షిల్లింగ్. ఆమె బాగానే మాట్లాడింది, వైవిధ్యం గురించే మాట్లాడింది. మాట్లాడటానికి ముందుకు నడిచింది ఎవరు అన్నదే మా ప్రశ్న.

కూలి సంగతి కూడా చూద్దాం, యూనియన్ అవార్డు గనక. 'ఫ్రెండ్స్' ఆరుగురూ 1996లో అవార్డు అందుకున్న ఏడాదే స్టూడియోతో కలిసికట్టుగా బేరానికి దిగారు, అందరికీ ఒకే జీతం అని. చివరి రెండు సీజన్లకు తలా ఒక్కో భాగానికి పది లక్షల డాలర్ల దాకా పోయింది. 'మోడర్న్ ఫ్యామిలీ' పెద్దలు 2012లో ఒప్పందాల మీద కోర్టుకెక్కి జీతాలు పెంచుకున్నారు. మేళం ఒక్కటిగా నిలబడితే ఏం సాధించగలదో ఇవి చూపించాయి. మూడు అవార్డులు తెచ్చిన 'ఆరెంజ్' మేళానికి ఏం మిగిలింది? కిమికో గ్లెన్ అనే నటి తనకు వచ్చిన పునఃప్రసార భత్యం చీటీని కెమెరా ముందు చదివింది. మొత్తం 27 డాలర్ల 30 సెంట్లు. 2023లో ఆ వీడియో మళ్లీ తిరిగింది. నెట్‌ఫ్లిక్స్ లోకమంతా చూపించిన సీరియల్ అది. ఆ ఏడు జూలై 14 నుంచి నవంబరు 9 దాకా 118 రోజులు యూనియన్ సమ్మె చేసింది, ఇటువంటి చీటీలే సమ్మెకు ఒక కారణం. ఆరుగురు తెల్లవాళ్ల చిన్న మేళం విడదీయరానిది అయింది. పాతిక ముప్పైమంది రంగురంగుల మేళంలో ఒక్కొక్కరూ మార్చదగ్గవాళ్లయ్యారు. ఛానళ్లు పోయి స్ట్రీమింగ్ రావటం దీనికి పెద్ద కారణమే, కాదనం. కానీ కొత్త కంచం ముందు కూర్చోవటానికి పిలుపు వచ్చేసరికి వంట అయిపోయి ఉండటం కొందరికి ప్రతిసారీ ఎట్లా జరుగుతుంది?

తర్వాత వచ్చిన 'వీప్', రెండుసార్లు గెలిచిన 'ద మార్వెలస్ మిసెస్ మైసెల్', 'షిట్స్ క్రీక్', 'టెడ్ లాసో' గురించి ఇక్కడ చెప్పవలసింది మాకు పెద్దగా లేదు. 2024లో గెలిచిన 'ద బేర్' వంటగది పనివాళ్ల కథ, దాని మీద విడిగా రాయాలి. 2025లో 'ఓన్లీ మర్డర్స్ ఇన్ ద బిల్డింగ్'. మేం ఆగదలుచుకున్నది 2023 దగ్గర, 'ఆబట్ ఎలిమెంటరీ' దగ్గర.

ఫిలడెల్ఫియాలో ఒక సర్కారు బడి. పిల్లలు ఎక్కువమంది నల్లజాతి వాళ్లు. డబ్బుల్లేవు. తివాచీ చిరిగితే కొత్తది రాదు, పుస్తకాలు పాతవి. ప్రిన్సిపాల్ ఏవా వచ్చిన కొద్ది నిధుల్ని తన సోకులకు ఖర్చు పెడుతుంది. జానీన్ అనే చిన్న టీచరు అన్నీ బాగుచేద్దామని పోయి కొన్నింటిని పాడు చేస్తుంది, బార్బరా అనే పెద్ద టీచరు ఏది కుదురుతుందో ఏది కుదరదో తెలిసి ఉన్నదాంతో పాఠం చెప్పుకుంటూ పోతుంది. సృష్టికర్త క్వింటా బ్రన్సన్ తల్లి ఆ నగరంలోనే టీచరు. బడికి పెట్టిన పేరు తనకు చదువు చెప్పిన టీచరుది. మన జిల్లా పరిషత్ బడుల్లో, సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో పనిచేసే మిత్రులు దీన్ని చూస్తే ఉపశీర్షికలు లేకుండానే సగం అర్థమవుతుంది. ఇందులో నవ్వు పిల్లల పేదరికం మీద కాదు, పేదరికాన్ని నడిపించే ఆఫీసు కాగితాల మీద. తెల్ల టీచరు జేకబ్ నల్లజాతి చరిత్ర గురించి అతిగా తెలిసినవాడిలా మాట్లాడతాడు, పిల్లలు అతన్ని ఆట పట్టిస్తారు, అతను మంచివాడే అయినా ఆట పట్టిస్తారు. సానుభూతిపరుణ్ని ఎట్లా చూడాలో ఇంత తేలిగ్గా చెప్పిన రచన మేం ఈమధ్య చూడలేదు. కొన్నిచోట్ల మరీ తియ్యగా ఉంటుంది, ప్రతి భాగమూ చివర కౌగిలింతలే. బడులకు డబ్బు ఎందుకు రాదో మూలానికి పోయి అడిగేది తక్కువ. ఆ లోటు ఉంది.

గ్రెగరీ వేషం వేసిన టైలర్ జేమ్స్ విలియమ్స్ 2005లో యు.పి.ఎన్.లో 'ఎవ్రిబడీ హేట్స్ క్రిస్'లో చిన్న పిల్లవాడు. చెదిరిన గూటి నుంచి వచ్చిన పిట్ట. జానిటర్ మిస్టర్ జాన్సన్ వేషం విలియం స్టాన్‌ఫర్డ్ డేవిస్‌ది. నేల తుడుస్తాడు, చెత్త ఎత్తుతాడు, టీచర్లకు తెలియని సంగతులన్నీ అతనికి తెలుసు, లోకంలో జరిగే ప్రతిదాని వెనకా ఒక రహస్య కుట్ర చెప్తాడు. మొదటి సీజన్లో అతను వచ్చిపోయే పాత్ర. రెండో సీజన్ నుంచి డేవిస్‌ను ముఖ్య నటుల్లో చేర్చారు. మన బడుల్లో స్వీపరు ఎవరో, పేరు తెలిసినా ఆ పేరు రిజిస్టరులో ఎక్కడ రాస్తారో, వార్షికోత్సవం ఫొటోలో ఎక్కడ నిలబెడతారో టీచర్లకు వేరే చెప్పాలా?

2023 ఫిబ్రవరి 26న హాస్య మేళం అవార్డు 'ఆబట్ ఎలిమెంటరీ'కి ఇచ్చారు. గ్రహీతల జాబితాలో ఏడు పేర్లు, ఇంటిపేర్ల అక్షరక్రమంలో. బ్రన్సన్, డేవిస్, జేమ్స్, పెర్ఫెట్టి, రాల్ఫ్, వాల్టర్, విలియమ్స్. నేల తుడిచే జాన్సన్ వేషగాడిది రెండో పేరు, ప్రిన్సిపాల్ వేషం వేసిన జనెల్ జేమ్స్ కన్నా ముందు.